ఫ్లేర్ డ్రమ్ముకు దారి ఎంత?

రిఫైనరీలో ఎక్కడ ప్రెషర్ హద్దు మీరినా రిలీఫ్ వాల్వులు తెరుచుకుంటాయి. తన్నుకొచ్చిన గ్యాసు హెడర్ అనే ఉమ్మడి పైపు గుండా ఫ్లేర్ దాకా వెళ్లి మండిపోతుంది. మధ్యలో ఉండే నాకౌట్ డ్రమ్ము ఆ గ్యాసుతో కలిసొచ్చిన ద్రవాన్ని దించేస్తుంది. దించకపోతే ఫ్లేర్ కొన నుంచి మండే చినుకులు రాలుతాయి. డ్రమ్ము ఎంత ఉండాలన్న లెక్క తొందరగానే కుదిరింది. గ్యాసు లోపలికొచ్చే ఇన్‌లెట్ నాజిల్ ఎంత ఉండాలన్నదే ద్రవాన్ని దించడం, బ్యాక్ ప్రెషర్ అనే ఇద్దరు యజమానుల మధ్య నలిగింది.

మొదటి లెక్క 1934 నాటిది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాట్ సౌడర్స్, జార్జ్ గ్రాంజర్ బ్రౌన్ స్వేదన స్తంభాల కోసం ఒక సూత్రం ఇచ్చారు. పైకి పోయే గ్యాసు ఎంత వేగం దాటితే తుంపరలను మోసుకుపోతుందో, గ్యాసు, ద్రవాల సాంద్రతలను బట్టి అది చెబుతుంది. సెపరేటర్ల వాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. 1969లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 521 నంబరు మార్గదర్శకం వెలువడింది. 300 నుంచి 600 మైక్రాన్ల తుంపరలు డ్రమ్ము దాటకముందే కింద పడాలన్నది అందులో స్థిరపడిన కొలమానం.

ఈ లెక్కలన్నీ గ్యాసు డ్రమ్ము నిండా సమంగా పరుచుకుని నడుస్తుందనే అనుకుంటాయి. నాజిల్ దగ్గర జరిగేది అది కాదు. గోళెంలోకి ధారగా నీళ్లు వదిలితే అడుగు మడ్డి లేచినట్టే, జోరుగా వచ్చిన గ్యాసు అడుగున చేరిన ద్రవాన్ని మళ్లీ లేపుతుంది. పైగా తుంపరలను చిదిమేస్తుంది. ఏ జోరుకు ఎంత తుంపర నిలుస్తుందో 1955లో జె.ఓ. హింజె చూపించాడు. అక్కడ తేల్చేది గ్యాసు సాంద్రతను వేగం వర్గంతో హెచ్చించిన అంకె. నాజిల్‌కు పరిమితి పెట్టేవాళ్లు పట్టుకున్నదీ అదే.

షెల్ వంటి కంపెనీల నియమాల్లో ఆ హద్దు లోపల పరికరం లేని నాజిల్‌కు 1,000 నుంచి 1,500 పాస్కళ్లు. సగం కోసిన పైపు పెడితే సుమారు 2,000. రెక్కల పరికరం పెడితే 6,000 నుంచి 8,000.

ఇక ఫ్లేర్ హెడర్ సంగతి. దాని సైజును నిర్ణయించేది రెండో యజమాని, అంటే రిలీఫ్ వాల్వుల వెనక నిలిచే బ్యాక్ ప్రెషర్. గ్యాసును ధ్వని వేగంలో సగం దాకా వెళ్లనిస్తారు. ఘనపు మీటరుకు 2 కిలోల సాంద్రత గల గ్యాసు సెకనుకు 150 మీటర్లతో వస్తే ఆ అంకె 45,000. దాన్ని 1,500కు దించాలంటే వేగం 27 మీటర్లకు తగ్గాలి. అంటే 24 అంగుళాల హెడర్‌కు 56 అంగుళాల నాజిల్! రెక్కల పరికరమేమో, ఊడి పడితే గ్యాసుకున్న ఒక్క దారీ మూసుకుపోతుందని ఫ్లేర్ డ్రమ్ములో పెట్టడానికి జంకుతారు. అందుకే ఎల్బో (వంపు పైపు) పెట్టి ప్రవాహాన్ని డ్రమ్ము చివరి గోడకు తిప్పడం, లేదా రెండు చివర్ల నుంచీ రెండు నాజిళ్లతో లోపలికి వదలడం వచ్చాయి. ప్రవాహం రెండుగా చీలితే అదే సైజు దగ్గర అంకె నాలుగో వంతుకు పడిపోతుంది.

1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ టెక్సాకో రిఫైనరీ మరో పాఠం నేర్పింది. ఫ్లేర్ డ్రమ్ము నిండి ద్రవం బయటికెళ్లే పైపులోకి పొంగింది. తుప్పు తిన్న ఎల్బో విరిగి దాదాపు 20 టన్నుల హైడ్రోకార్బన్లు బయటపడి పేలాయి. అంతకుముందు 11 నిమిషాల్లో ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. అది నాజిల్ తప్పు కాదు. కానీ ఫ్లేర్ లైనులో గ్యాసొక్కటే వస్తుందన్న ధీమా చెల్లదని తేలిపోయింది. ద్రవం కలిస్తే సాంద్రత పెరుగుతుంది, దానితోపాటే నాజిల్ అంకె కూడా. కాబట్టి బ్యాక్ ప్రెషర్‌కు సరిపోయిన సైజును ద్రవం కలిసిన అధ్వాన్న సందర్భంలోనూ లెక్కగట్టి చూడాలి. రెండింటిలో పెద్దదే నాజిల్ సైజు.