రేపటి లోకాలకు తొలి గీత

తెలుగులో సైన్స్ ఫిక్షన్ సినిమా అనగానే అందరూ 1991 నాటి ‘ఆదిత్య 369’ పేరే చెబుతారు. బొమ్మలు గీసి బతికినవాణ్ణి కాబట్టి నేను ఇంకాస్త వెనక్కి వెళ్తాను. 1957 మార్చిలో వచ్చిన ‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. మూత ఎత్తి చూసినవాళ్ళకు తమకు ప్రాణమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు, మాట్లాడాడు, పాట కూడా పాడాడు. ఇవాళ దూరదేశంలో ఉన్న కొడుకుతో ఫోన్ తెర మీద మాట్లాడే ఏ తల్లికీ ఆ పేటిక గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు.

లేని వస్తువును తెర మీదికి తేవాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని కాగితం మీద గీయాలి. పెట్టె ఎంత వెడల్పు, మూత ఎటు లేస్తుంది, అంచున ఏ నగిషీ ఉంటుంది అన్నవన్నీ వడ్రంగి చేతికి వెళ్ళేలోపు తేలిపోవాలి. ఆ సినిమాకు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టి, వాటిలో దీపాలు వెలిగించి ద్వారకా నగరాన్ని నిలబెట్టారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని నిజం నగరంగా మార్చేసింది. దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర ఆ సినిమాకు పనిచేసిన కుర్రవాడే సింగీతం శ్రీనివాసరావు. మన సైన్స్ ఫిక్షన్ కథంతా ఆ ఒక్క మనిషి వెంట నడుస్తుంది. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

నేను పుట్టిపెరిగింది సికింద్రాబాద్ దగ్గరి అల్వాల్‌లో. మా బస్తీ మీదుగా హకీంపేట వైమానిక కేంద్రం నుంచి కిరణ్ విమానాలు తిరిగేవి. శిక్షణ విమానాలు కదా, లేచిందే లేస్తూ దిగిందే దిగుతూ పొద్దంతా ఆకాశంలోనే ఉండేవి. కింద రోడ్డు మీద బొల్లారం వైపు మిలిటరీ ట్రక్కులు. యంత్రాలను ఊరికే చూస్తూ నిలబడటం మాకు ఆట. చక్రాలు ముందు బయటికొస్తాయా, వాటి తలుపులు ముందు తెరుచుకుంటాయా అని పిల్లలం వాదించుకునేవాళ్ళం. నా చదువంతా అక్కడే జరిగిందంటే అతిశయోక్తి అనుకోవద్దు.

ఇంట్లో రెండో బడి ‘చందమామ’. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళు ఉండేవి. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, ఇలా ఏళ్ళ తరబడి సాగాయి. వాటికి బొమ్మలు వేసింది చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్, ఎవరి దగ్గరా బొమ్మలు నేర్చుకోని మనిషి. రెక్కల మృగాలు, కొండను తొలిచి కట్టిన కోటలు, విచిత్ర వాహనాలు నెల నెలా ఆ చేతి నుంచి వచ్చేవి. ఒక సంచికలో కనిపించిన కోట నాలుగు నెలల తర్వాత మళ్ళీ వస్తే బురుజులు అవే ఉండాలి, ద్వారం అటే ఉండాలి. ఇవాళ పెద్ద పెద్ద ఫ్రాంచైజీలు మనుషులను పెట్టి చూసుకునే ఆ పని ఆయన ఒంటి చేత్తో చేశాడు. ప్రతి బొమ్మ మూలనా చిన్న అక్షరాల్లో ‘చిత్ర’ అని సంతకం. శంకర్ బొమ్మల కింద శంకర్ సంతకం, వడ్డాది పాపయ్య బొమ్మల కింద వ.పా. అక్షరాలు రాని పిల్లలు కూడా ఆ సంతకాలను గుర్తుపట్టేవాళ్ళు.

‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. హెచ్.జి. వెల్స్ రాసిన టైమ్ మెషీన్ ఊహను సింగీతం తెలుగు నేల మీద దింపిన తీరే గొప్ప. యంత్రం ఎక్కినవాళ్ళు నేరుగా 1526లో కృష్ణదేవరాయల కొలువులో తేలతారు, అక్కణ్ణించి 2504కి వెళతారు. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. పి.సి. శ్రీరామ్ మొదలుపెడితే రాయల కాలం వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తు కబీర్‌లాల్ తీశారు. కళాదర్శకుడు పేకేటి రంగా. కంప్యూటర్ బొమ్మలు అందుబాటులో లేని రోజులవి. 2504 అంటే కర్ర, ప్లైవుడ్, రంగు, బల్బులు, వైర్లు. గీసిన గీత ప్రతిదీ మేస్త్రీ కట్టగలిగేదై ఉండాలి. రాయల కొలువుకు హంపి ఉంది, శిల్పాలున్నాయి, చూసి గీయొచ్చు. 2504కు చూసి గీయడానికి ఏముంది? సినిమాలో నాకు ఎక్కువ సాహసం అనిపించిన భాగం అదే. దాన్ని నిలబెట్టిన కళాదర్శకుడి పేరు తెలిసినవాళ్ళు ఇవాళ ఎందరున్నారు? బాలకృష్ణ, ఇళయరాజా అందరికీ గుర్తు. పేకేటి రంగా ఎవరికి గుర్తు?

ఆ తర్వాత కొన్నేళ్ళకు హైదరాబాద్‌కు యానిమేషన్ స్టూడియోలు వచ్చాయి. నేను అలాంటి ఒకదాంట్లో లేఅవుట్ ఆర్టిస్టుగా చేరాను. మేము చేసింది ఒక విదేశీ అంతరిక్ష సీరియల్. దాని పేరు రాయను, ఒప్పందం మీద సంతకం పెట్టాను కాబట్టి. పని మాత్రం చెప్పగలను. విదేశం నుంచి స్టోరీబోర్డు వచ్చేది, మోడల్ షీట్లు వచ్చేవి. ప్రతి పాత్ర, ప్రతి నౌక ఎదురుగా, ముప్పావు కోణంలో, పక్క నుంచి, వెనక నుంచి గీసి ఉండేవి. మా ముందు లైట్ బాక్స్, దాని మీద పెగ్ బార్. కాగితానికి నడుమ ఒక గుండ్రటి రంధ్రం, అటూ ఇటూ పొడుగాటి రంధ్రాలు రెండు. పెగ్‌కు తగిలిస్తే వందో కాగితం కూడా మొదటి కాగితం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది. నీలం పెన్సిల్‌తో రఫ్, దాని మీద నల్లగీత. సెకనుకు 24 ఫ్రేములు, మామూలుగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు కనుక సెకనుకు 12 బొమ్మలు.

ఒకసారి నౌక లోపలి తలుపు నా వంతుకొచ్చింది. స్టోరీబోర్డులో ఒక చతురస్రం గీసి బాణం గుర్తు పెట్టారంతే. నేను మెరుపులు, బటన్లు అన్నీ పెట్టి గీసి మా సీనియర్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి అడిగాడు. “మంచిగుంది తమ్మీ. ఎటు తెరుచుకుంటది? కబ్జాలు ఏ పక్క?” నేను నోరు తెరవలేదు. “పక్కకు జరుగుతదంటే గోడల జాగా ఉండాలె. లోపలికి తెరుచుకుంటదంటే మనిషి అడ్డం ఉండొద్దు. పొయ్యి ఏదన్న తలుపు చూసి రా.” ఆ సాయంత్రం లోతుకుంటలో ఒక కిరాణా కొట్టు షట్టర్ ముందు నిలబడ్డాను. రేకు పట్టీలు ఒకదాని వెంట ఒకటి పైకి చుట్టుకుంటూ పోతాయి, గోడలో జాగా అడగవు, మనిషికి అడ్డం రావు. ఆ పట్టీలకు లోహపు మెరుపు తొడిగి, పైన చుట్ట తిరిగే పెట్టెను కప్పులో దాచి గీశాను. తలుపు పాసయ్యింది. ఇంకో ఎపిసోడ్‌లో ఒక చిన్న నౌక నేల మీద దిగేటప్పుడు కాళ్ళు బయటికొచ్చే వరస హకీంపేట ఆకాశం నుంచి తెచ్చిందే.

ఆ నౌకల మీద గీతలు, సొట్టలు, కాస్త తుప్పు పెడితే తీసేయమని రీటేకులు వచ్చేవి. భవిష్యత్తు తళతళలాడాలన్నది వాళ్ళ పట్టు. వాడిన వస్తువుకు వాడిన గుర్తులు ఉండాలని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అతుకుల బొంతగా మిగిలిన కాశీని ‘కల్కి 2898 ఏడీ’లో చూసినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజుల్లో హైదరాబాద్ చేతులు ఎంత పని చేశాయో మన ఊళ్ళోనే చాలామందికి తెలియదు. 2009లో అమెరికాలో ప్రసారం మొదలైన ‘ఐరన్ మ్యాన్: ఆర్మర్డ్ అడ్వెంచర్స్’ 52 ఎపిసోడ్ల సీరియల్. ఫ్రాన్స్‌లోని మెథడ్ సంస్థతో పాటు దాని నిర్మాణంలో హైదరాబాద్ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ భాగస్వామి. ప్రపంచమంతా ఎరిగిన ఉక్కు కవచంలో మన నగరం శ్రమ ఉందన్నమాట. నేను పనిచేసిన సీరియల్ ప్రసారమైనప్పుడు మా నాయనను టీవీ ముందు కూర్చోబెట్టి చివరి పేర్ల దాకా చూపించాను. స్టూడియో పేరు వచ్చింది. మా సీనియర్ పేరు రాలేదు, నా పేరూ రాలేదు. “నీ పేరేది బిడ్డా?” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2024 జూన్ 27న ‘కల్కి’ వచ్చింది. దర్శకుడు నాగ్ అశ్విన్‌కు మార్గదర్శిగా నిలిచింది మాయాబజార్ నాటి ఆ సింగీతమే. కాశీ, కాంప్లెక్స్, శంబల, మూడు లోకాలనూ మొదటి గీత నుంచి కట్టుకుంటూ వచ్చారు. ఒక్క చక్రం ఎలా ఉండాలన్న దాని మీదే వీడియో చేసి జనానికి చూపించారు. బుజ్జి అనే బండిని మహీంద్రా, కోయంబత్తూరు జయెం సంస్థల ఇంజినీర్లతో కలిసి నిజంగానే తయారు చేయించారు. ముందు రెండు చక్రాలు, వెనక గోళంలాంటి ఒకే చక్రం, బరువు 6 టన్నులు, రోడ్డు మీద నడిచే బండి. కాగితం మీది గీతకు ఇంత గౌరవం దక్కడం తెలుగు సినిమాలో ఇదివరకు చూడలేదు. విడుదలకు ముందే మే 31న ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ వచ్చింది, అది చేసింది మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ. ఇన్నాళ్ళూ పరాయి కథలకు గీసిన నగరం తన కథకు తాను గీసుకుంది.

ఇప్పుడు గీతలన్నీ టాబ్లెట్ మీదే. అవి ఎక్కడో సర్వర్‌లో ఉంటాయి. నా భయమంతా పాత కాగితాల గురించే. సికింద్రాబాద్, అల్వాల్, బొల్లారం ఇళ్ళల్లో, మద్రాసు నుంచి తరలివచ్చిన సినిమా కుటుంబాల్లో, మూతపడిన స్టూడియోల్లో పనిచేసినవాళ్ళ అటకల మీద సెట్టు స్కెచ్‌లు, లేఅవుట్లు, మోడల్ షీట్లు ఇంకా ఉంటాయి. మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే పాతపేపర్ల బండికి వేయకండి. ప్రతి కాగితం వెనక గీసినవారి పేరు, ఏ పనికి గీశారో, ఏ సంవత్సరమో పెన్సిల్‌తో రాయండి. గీసినవాళ్ళు బతికి ఉంటే ఈ నెలలోనే వాళ్ళ పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.