పొగబండిని నిలుపుకున్న ఊరు, పట్టాలు పోగొట్టుకున్న రేవు

రైలు తెలుగునాట అడుగుపెట్టిన తొలినాళ్ళలో పండితులు దానిని ‘ధూమశకటము’ అన్నారు. జనం ‘పొగబండి’ అన్నారు. అర్థం రెండింటిదీ ఒకటే అయినా నాలుక మీద నిలిచింది జనం మాటే. ఇప్పుడు పొగా లేదు, ఆ పేరూ లేదు. మా మనుమడికి పొగబండి అంటే బొమ్మల పుస్తకంలో కళ్ళూ ముక్కూ నోరూ ఉండే నీలిరంగు ఇంజను. ఆ నీలిరంగు ఇంజను ప్రస్తావన మరొకమారు వస్తుంది.

జీతభత్యాల ఊసు లేకుండా ఒక పొగబండిని నడపడానికి పూనుకున్న కొందరిని గూర్చి వ్రాయాలని చాలకాలంగా నాకు కోరిక. అది జరిగినది వేల్స్ సీమలో. కాని కోనసీమవాడిని గనుక నా బండి మా రేవునుంచే బయలుదేరాలి.

తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ. ఈ పాయల మధ్య చిక్కుకున్న నేల మాది. మద్రాసు కలకత్తాల నడుమ రైలుమార్గం రాజమహేంద్రవరం వద్ద 1900లో గోదావరిని దాటింది. హేవలాక్ వంతెన అన్నది అదే, 56 స్పానులు. దిగువన మూడు పాయలమీద మూడు వంతెనలు కట్టి అమలాపురానికి రైలు తెచ్చే ఊహ ఆనాటి దొరలకు గిట్టుబాటు కాలేదు. పైగా మాకు కాలువలున్నాయి. కాటన్ దొరగారు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించి, కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా పనికివచ్చేటట్లు లాకులతో తీర్చారు. ఈ దేశానికి రైళ్ళకంటె పడవలు నడిచే కాలువలే మేలని బ్రతికినంతకాలం వాదించిన మనిషి ఆయన. ఊరూరా ఆయన విగ్రహానికి దండ వేసే మాకు రైలు దక్కకపోవడం ఒక విధంగా ఆయన వాదం నెగ్గడమే!

అయినా రైలు మా ఎదుటిగట్టు దాకా వచ్చింది. 1928లో కాకినాడనుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల మార్గం వేశారు. కోటిపల్లి గౌతమికి ఎడమగట్టు. కుడిగట్టున ముక్తేశ్వరం, అంటే కోనసీమ. పడవలో రేవు దాటితే చాలు, పొగబండి ఎక్కవచ్చు. మా నాన్నగారు పసితనంలో ఒకటి రెండుమార్లు ఆ బండి ఎక్కారు. ముక్తేశ్వరం గట్టుమీద నిలబడితే అవతలినుంచి కూత వినబడేదనీ, ఆ కూత విని పడవ సరంగును తొందరపెట్టేవారనీ చెప్పేవారు.

పన్నెండేళ్ళు తిరిగేసరికి అది పోయింది. రెండవ ప్రపంచయుద్ధపు అవసరాలకని 1940లో పట్టాలు ఊడదీశారు. ఇదొక్కటే కాదు. ఆ యుద్ధకాలంలో దేశమంతటా ఇరవైకి పైగా చిన్న శాఖామార్గాలకు ఇదే గతి పట్టింది. పట్టాలు, ఇంజన్లు, పెట్టెలు మధ్యప్రాచ్యానికి ఓడలెక్కాయి. ఊరివారిని ఎవరూ అడగలేదు. అడగాలని ఊరివారికీ తోచలేదు. రైలు దొరలది, యుద్ధం దొరలది. పట్టాలు తీసిన గట్టు మాత్రం మిగిలితే దానిమీద ద్రాక్షారామానికి నడిచి వెళ్ళేవారమని నాన్నగారు చెప్పేవారు. తీర్థానికి అదే దగ్గర దారి అట.

ఇక వేల్స్ సంగతి.

ఆ సీమకు పడమటి సముద్రపుటంచున టవిన్ అనే చిన్న ఊరున్నది. కొండలలో బ్రిన్ ఎగ్లూయిస్ అనే పలకరాతి గని. ఇళ్ళ కప్పులకు పరిచే ఆ రాతిని కొండనుంచి ఊరికి దింపడానికి 1860 దశకంలో సుమారు ఏడు మైళ్ళ రైలుమార్గం వేశారు. పట్టాల మధ్య ఎడం రెండడుగుల మూడంగుళాలే. దాని పేరు తాలిల్లిన్ రైల్వే. తెలుగు పండితుడిగా ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ పేరులోని జంట లకారం మన ‘ల్ల’ కాదు. నాలుకను లకారస్థానంలో ఉంచి, నాదం లేకుండా గాలి మాత్రమే ఊదాలట. మన వర్ణమాలలో దానికి చోటులేదు. అర్థం మాత్రం మనకు చుట్టమే, ‘సరస్సు కొస’. మన చెరువుగట్టు వంటి పేరు.

1911లో ఆ గనినీ రైలునూ హెన్రీ హేడన్ జోన్స్ అనే ఆయన కొన్నారు. ఆ ప్రాంతానికి పార్లమెంటు సభ్యులు కూడ. గని క్రమంగా క్షీణించి, 1946 చివర కూలి మూతపడింది. సరుకు లేని రైలును మరొకరైతే ఇనుము ధరకు అమ్ముకునేవారు. ఈయన, తాను బ్రతికినంతకాలం బండి నడుస్తుందని మాట ఇచ్చి, నష్టంమీద నడిపించారు. 1947 చట్టంతో బ్రిటనులోని రైళ్ళు ప్రభుత్వపరమైనప్పుడు ఈ చిన్నబండి ఆ జాబితాకు ఎక్కలేదు. 1950 జులైలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఉన్నవి రెండే ఇంజన్లు, ‘తాలిల్లిన్’, ‘డోల్గోక్’. రెండూ గని నాటివే, ఎనభై అయిదేళ్ళ ముసలివి. వాటిలో కదిలే స్థితిలో ఉన్నది డోల్గోక్ ఒక్కటే. పట్టాల కింది కర్రలు పుచ్చిపోయి, పట్టాల ఎడం చెదరకుండా పట్టి ఉంచినది మొలిచిన గడ్డి దుబ్బులేనని చూసినవారు వ్రాశారు.

ఆ అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటలులో సభ జరిగింది. పిలిచినవారు టామ్ రోల్ట్ అనే రచయిత. అంతకు ముందు ఇంగ్లండు కాలువలమీద పడవలో కాపురం చేసి, ఆ అనుభవాన్ని 1944లో పుస్తకంగా వెలువరించి, మూలపడిన కాలువలపట్ల దేశానికి అభిమానం కలిగించిన మనిషి. కాలువల పక్షపాతి రైలును కాపాడటానికి వచ్చాడు. మన కాటన్ దొర విని ఉంటే ఏమనేవారో! ఆ సభలోనుంచి ఒక పరిరక్షణ సంఘం పుట్టింది. హేడన్ గారి భార్య తన వాటాలను డబ్బు తీసుకోకుండా అప్పగించారు. 1951 మే 14న స్వచ్ఛంద సేవకుల చేతిమీదుగా తొలి బండి కదిలింది, మొదట కొద్ది మైళ్ళు మాత్రమే. ఒక రైలుమార్గాన్ని ఔత్సాహికులు తమ చేతిలోకి తీసుకుని నడపడం ప్రపంచంలో అదే మొదలు.

ఈ స్వచ్ఛంద సేవ అంటే ఏమిటో వివరించాలి. ఆవిరి ఇంజను తాళం తిప్పితే కదిలేది కాదు. బండి పదిగంటలకైతే తెల్లవారుజామునే ఒకరు వచ్చి పొయ్యిలోని నిన్నటి బూడిద తీయాలి, బాయిలరులో నీటిమట్టం చూడాలి, నిప్పు రాజేయాలి. నీరు తగ్గి పొయ్యి కప్పు బయటపడితే ప్రాణాపాయం. ఆవిరి తయారయ్యేవరకు ఇనుమును తొందరపెట్టరాదు, తొందరపెడితే అతుకులు కదులుతాయి. ఈలోగా కీళ్ళన్నింటికీ నూనె పోయాలి. వచ్చినవాడు మొదట ఇంజను తుడవాలి, కొంతకాలానికి బొగ్గు వేయాలి, ఎప్పటికో గాని డ్రైవరు కాలేడు. ఇదంతా వారమంతా వేరే ఊళ్ళలో వేరే ఉద్యోగాలు చేసుకునేవారు సెలవుదినాల్లో వచ్చి చేశారు. పట్టాల పని ఇంతకంటె కష్టం. వానలో పార పట్టుకుని కర్రలు మార్చడానికి బొమ్మల పుస్తకంలోని శోభ ఏమీ ఉండదు. మన భాషలో జీతం లేని చాకిరీకి రెండు మాటలున్నాయి. కొట్టి చేయిస్తే వెట్టి, తానై చేస్తే శ్రమదానం. ఆ రెండింటి మధ్య దూరమెంతో తెలియాలంటే టవిన్ పట్టాలు చూడాలి.

పక్కలోయలో 1948లో మూతబడిన కారిస్ రైల్వే ఇంజన్లు రెండు, అదే కొలత పట్టాలవి, మూలపడి ఉంటే ఒక్కొక్కటి 25 పౌనులకు కొన్నారు. అందులో ఒకటి తీరా నడపబోతే పట్టాల మధ్య జారి పడేది. తప్పు ఇంజనుది కాదు, ఎడం సాగిపోయిన పట్టాలది. రెండవదానిని లీడ్స్‌లోని హన్స్లెట్ కర్మాగారంవారు పైకం పుచ్చుకోకుండా బాగుచేసి ఇచ్చారు. ఆ యజమాని సంఘంలో సభ్యుడట. 1952లో ఆడ్రీ అనే చర్చి ఫాదరుగారు వచ్చి గార్డుగా పచ్చజెండా ఊపారు. నీలిరంగు థామస్ ఇంజను కథలు వ్రాసినది ఆయనే. ఒకమారు ఫలహారాలమ్మే ఆమెను స్టేషనులోనే వదిలి బండికి జెండా ఊపేశారట. ఆ పొరపాటూ కథల్లోకి ఎక్కింది.

1976లో సంఘంవారు గనివైపు మరికొంత మార్గం పొడిగించి, ప్రయాణికుల బండి నడిపారు. 2021లో వాయవ్య వేల్స్ పలకరాతి సీమను యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు అందులో ఈ రైలు కూడ చేరింది. వారిని చూసి బ్రిటనులోనే వందకు పైగా ఇటువంటి మార్గాలు లేచాయి.

మనదేశంలో ఇటువంటి వారు లేరా అంటే, ఉన్నారు, వేరొక రీతిగా. ఐ.సి.ఐ. సంస్థ ఉద్యోగిగా ఇక్కడ ఉన్న మైఖేల్ సాటో అనే ఆంగ్లేయుడు సొంత ఆసక్తితో పాత ఇంజన్ల వెంట తిరిగి, వాటిని తుక్కు కాకుండా కాపాడటంలో రైల్వేవారికి సలహాదారైనారు. ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాల 1977లో తెరుచుకోవడం వెనుక ఆయన శ్రమ ఉన్నది. దానికి 1971లో శంకుస్థాపన చేసినది రాష్ట్రపతి వి.వి. గిరిగారు. బరంపురంలో పుట్టిన మన తెలుగువారు, రైలు కార్మికుల సంఘాలను నడిపినవారు. పునాదిరాయికి అంతకంటె తగిన చేయి దొరకదు. 1855 నాటి ‘ఫెయిరీ క్వీన్’ ఇంజనును 1997లో మళ్ళీ నడిపించినప్పుడు దానిని సిద్ధం చేసినది మద్రాసు పెరంబూరు కర్మాగారపు కార్మికులు. జీతానికే చేశారు, కాని ఆ పనిలో ప్రేమ లేదని ఎవరనగలరు?

పర్లాకిమిడి కథ వేరు. నౌపడానుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు సొంత ఖర్చుతో వేయించిన చిన్న రైలు 1900లో నడక మొదలుపెట్టింది, 1931 నాటికి గుణుపురం చేరింది. తెలుగు, ఒరియా, సవరభాషలు మూడూ పలికిన బండి అది. రెండడుగుల ఆరంగుళాల ఆ పట్టాలను 2004లో ఆపి బ్రాడ్‌గేజిగా మార్చారు. టవిన్‌లో వలె దానికి అడ్డు నిలిచిన సంఘమేదీ లేదు. నేను వారిని తప్పుపట్టను. రోగిని విశాఖ ఆసుపత్రికి చేర్చవలసినవాడికి పాత బండి అందం కంటె కొత్త బండి వేగం ముఖ్యం. టవిన్‌వారికి పక్కనే పెద్దరైలు స్టేషను ఉన్నది. మనకు ఉన్నది ఆ ఒక్కటే. రైలే లేనివాడికి ముచ్చట రైలు ఎక్కడిది?

మా కోటిపల్లికి రైలు మళ్ళీ వచ్చింది, 2004లో, అరవై నాలుగేళ్ళ తరువాత. అది తెప్పించినది కూడ ఒక విధమైన శ్రమదానమే, అర్జీలు, సభలు, ఢిల్లీ ప్రయాణాలు. అమలాపురం సభ్యులు, లోకసభ స్పీకరు బాలయోగిగారు 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు గాని లేకుంటే ఆ బండి చూసేవారు. కోటిపల్లినుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల మార్గం ఆయన కాలంలోనే మంజూరైంది. పాతికేళ్ళు గడిచాయి. గౌతమిలో స్తంభాలు లేచాయి, అమలాపురంలో కూత వినబడలేదు. పాతదారిన వచ్చినది పొగబండి కాదు, ఒంటిపెట్టె రైలుబస్సు. అదీ 2020లో కరోనావేళ ఆగిపోయింది.

అయితే ఒక్క విషయంలో మాత్రం మావారిమీద నాకు కోపం ఉన్నది. 1928 నాటి బండిని గూర్చి ఎవరూ ఏదీ దాచలేదు. టవిన్‌లో చిన్న ఇంజను నేమ్‌ప్లేటు కూడ భద్రంగా ఉంది. ఇక్కడ ఒక టికెట్టు ముక్క, ఒక ఛాయాచిత్రం చూపగల ఇల్లు నాకు ఎదురుకాలేదు. ఉద్యోగంలో ఉండగా తొమ్మిదవ తరగతి పిల్లలకు వ్యాసరచనకు బదులు ఒక పని చెప్పాను: ఇంట్లో ముసలివారిని ఆ రైలు సంగతి అడిగి, వారి మాటల్లోనే వ్రాసుకురమ్మన్నాను. పదకొండు కాగితాలు వచ్చాయి. ఒక మామ్మగారు టికెట్టు డబ్బులు కొంగున ముడివేసుకుని రేవులో తడిపేసుకున్న సంగతి చెప్పారు. ఒక తాతగారు పట్టాలు ఊడదీసిన కూలీలలో తానూ ఉన్నానన్నారు. రోజుకూలి ఎంతో చెప్పారు గాని, ఊడదీస్తుంటే ఎలా అనిపించిందని పిల్లవాడు అడిగితే, ‘అనిపించడమేవిఁటిరా, పనొచ్చింది, చేశాం’ అన్నారట. పిల్లవాడు దానినీ ఉన్నదున్నట్లు వ్రాసుకొచ్చాడు. అక్షరదోషాలు దిద్దాను గాని ఆ వాక్యాన్ని ముట్టుకోలేదు.

చెప్పినవారెవరూ ఇప్పుడు లేరు. ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తిరగవ్రాస్తున్నాను, నాలుగు పూర్తయ్యాయి.