కావలికి అటూ ఇటూ

ఇంజనీరింగ్‌కి ఏ యూనివర్సిటీ మంచిదని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది రాంకు కాదు, అప్లికేషన్‌లో ఒక గడి. లోకల్ ఏరియా: ఏయూ, ఓయూ, ఎస్వీయూ. ఏదో ఒకటి టిక్కు పెట్టాలి.

మాది కావలి. బెజవాడ హాస్టల్లో నా పక్క మంచం వాడిది ఉలవపాడు, మామిడిపళ్ళ ఊరు. మధ్యలో రైలెక్కితే అరగంటో ముప్పావుగంటో. ఇద్దరికీ విశాఖ ఏయూ ఇంజనీరింగ్ కాలేజీయే కావాలి. నాకంటే వెనక రాంకు వచ్చినవాడికి సీటొచ్చింది, నాకు రాలేదు. నెల్లూరు జిల్లా ఎస్వీయూ, ప్రకాశం ఏయూ అట. "ఇంటర్ ఇద్దరం బెజవాడలోనే చదివాం కదా సార్" అన్నాను కౌన్సెలింగ్‌లో. రెండేళ్ళు చాలవు, వరసగా నాలుగేళ్ళుండాలి; లేదంటే చివరి ఏడేళ్ళలో ఎక్కువ ఎక్కడ చదివితే అక్కడే లోకల్ అన్నారు.

ఈ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉద్యోగంలో చేరాక గానీ చదవలేదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర, వాటి తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం. దానికోసం రాజ్యాంగంలో 371-డి చేర్చారు. 1974లో ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది: నూటికి 85 సీట్లు స్థానికులకి. మిగతా 15లోనూ వాళ్ళు పోటీకి రావచ్చు. స్థానికతకి కొలత యూనివర్సిటీ పరిధి. జిల్లాల్లోని కాలేజీలను పంచుకున్న యూనివర్సిటీలు అప్పటికి మూడే: ఉస్మానియా (1918), ఆంధ్ర (1926), శ్రీవేంకటేశ్వర (1954). రెండేళ్ళకే, 1976లో, నాగార్జున, కాకతీయ వచ్చాయి. అయినా గుంటూరువాళ్ళు ఏయూ అనీ, వరంగల్‌వాళ్ళు ఓయూ అనీ రాస్తూనే ఉన్నారు. డేటాబేస్‌లో పాత కాలమ్ పేరు మార్చడానికి మా ఆఫీసులో కూడా ఎవరూ ముందుకు రారు.

నేను తిరుపతిలో, 1959 నాటి ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. నాలుగేళ్ళూ మూతి ముడుచుకునే చదివాను. అక్కడ నా రూమ్మేటు కదిరి దగ్గర పల్లెటూరివాడు, కోచింగ్ మొహం చూడనివాడు. ఆ 85 లేకపోతే బెజవాడ, గుంటూరు హాస్టళ్ళ పిల్లలు వాడి సీటు పట్టుకుపోయేవాళ్ళు. ఇంత లెక్క వేశాక ఇంకోటి తట్టింది. ఆ హాస్టళ్ళ పిల్లల్లో నేనూ ఒకణ్ణి. మా నాన్న అప్పుచేసి కొన్న బెజవాడ చదువుతో వచ్చి, వెనకబడ్డ సీమ కోసమని ఆపిన వాటాలో స్థానికుడిగా కూర్చున్నాను. ఉలవపాడువాడి మీద ఏడ్చినన్నాళ్ళూ కదిరివైపు చూడనే లేదు.

విభజన చట్టం ఈ ఏర్పాటుని మరో పదేళ్ళు పొడిగించింది, 2024 జూన్ 2తో ఆ గడువు అయిపోయింది. అంతకుముందే, 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు కందుకూరుతోపాటు ఉలవపాడునీ నెల్లూరు జిల్లాలో కలిపారు. ఆ రాత్రే వాడు ఫోన్ చేశాడు.

"ఒరే, ఇప్పుడు నేనూ ఎస్వీయూనేనా?"

"భయపడకు. డిగ్రీ వెనక్కి తీసుకోరులే."