కింద విధేయుడు, పైన నిప్పులు

రెవెన్యూ ఆఫీసులో చాలాకాలం తపాలా చూసినవాణ్ణి. కవరు చింపగానే నా కళ్లు ముందు సంతకం దగ్గరికే పోయేవి. నాలుగు పేజీల్లో మమ్మల్ని కడిగిపారేసిన అర్జీదారు కూడా చివర 'ఇట్లు తమ విధేయుడు' అని రాయకుండా ఉండేవాడు కాదు. భయమనుకునేవాళ్లు కుర్ర గుమాస్తాలు. భయమూ లేదు, భక్తీ లేదు. కంపెనీ కచేరీల్లో నడిచిన 'యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్'కు అది దగ్గరి చుట్టం.

ఇంగ్లండులో 18వ శతాబ్దపు పెద్దమనుషులు ఒళ్లు మండినప్పుడు కూడా ఉత్తరాన్ని ఆ మాటతోనే ముగించేవారు. ఆ విద్యలో శామ్యూల్ జాన్సన్‌ను మించినవాడు నాకు కనపడలేదు. ఇంగ్లీషు నిఘంటువు రాస్తానంటూ 1747లో తన ప్రణాళికను లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ పేరిట అచ్చువేయించాడు. ప్రభువుగారు పది పౌన్లు ఇచ్చి ఊరుకున్నారు. ఏళ్ల తరబడి ఆయన వాకిట్లో పడిగాపులే మిగిలాయి. తీరా నిఘంటువు పూర్తికావచ్చిందని తెలిశాక, 1754 చివర్లో, 'ది వరల్డ్' పత్రికలో దాన్ని మెచ్చుకుంటూ రెండు వ్యాసాలు రాశారు. జాన్సన్ 1755 ఫిబ్రవరి 7న జవాబిచ్చాడు. అందులో ఒక్క తిట్టు లేదు. ప్రతి వాక్యమూ వంగి దండం పెట్టినట్టే ఉంటుంది, పెట్టిన చోటల్లా వాత తేలుతుంది. కింద సంతకం మాత్రం పరమ విధేయుడిదే. జాన్సన్ జీవితచరిత్ర రాసిన బాస్వెల్ చెప్పినదాన్నిబట్టి, చెస్టర్‌ఫీల్డ్ ఆ ఉత్తరాన్ని బల్లమీదే ఉంచుకుని వచ్చినవాళ్లకు చూపించి, ఎంత బాగా రాశాడో చూడండనేవాడట. తిన్నవాడూ గట్టివాడే!

అమెరికాలో ఈ మర్యాద ప్రాణం మీదికే వచ్చింది. 1804 జూన్‌లో ఉపాధ్యక్షుడు ఆరన్ బర్, రాజకీయ ప్రత్యర్థి అలెగ్జాండర్ హామిల్టన్ తననేదో అన్నాడని పత్రికలో చదివి సంజాయిషీ అడిగాడు. ఇద్దరూ విధేయ సేవకులుగానే సంతకాలు పెడుతూ జగడం పెంచుకున్నారు. జూలై 11న వీహాకెన్‌లో ద్వంద్వయుద్ధానికి దిగారు, పిస్తోళ్లు పేలాయి. మర్నాడు హామిల్టన్ పోయాడు.

గాంధీగారు వేరే దారి తొక్కారు. 1930 మార్చి 2న వైస్రాయ్ ఇర్విన్‌కు ఉప్పు పన్ను గురించి రాస్తూ 'ప్రియ మిత్రమా' అని మొదలుపెట్టి, మిత్రుడిగానే సంతకం చేశారు. పది రోజులకు దండికి బయల్దేరారు.

మన బడిపిల్లలు సెలవు చీటీని కూడా 'విత్ డ్యూ రెస్పెక్ట్' అని మొదలుపెడతారు. అందులో 'ఆల్' చేర్చి మాట్లాడితే ఇంగ్లీషువాడు చెవులు రిక్కిస్తాడు, కాదనబోతున్నారని అర్థమవుతుంది గనక. సెలవు అడిగేచోట ఆ హెచ్చరిక ఎందుకు?

అర్జీలు రాసేవారికి నా మనవి ఒకటే. కోపం ఎంతైనా చూపండి, విధేయుడన్నా అనకపోయినా మీ ఇష్టం. పాత అర్జీ నంబరూ తేదీ మాత్రం మరవకండి. సమాధానం చెప్పుకోవలసి వస్తుందని గుమాస్తా జంకేది ఆ రెండింటికే.