పరీక్షల ముందు లైబ్రరీలో ఒక పుస్తకం దాచేశాను

ఈరోజు చరిత్ర చెప్పేముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పీజీ మొదటి సంవత్సరం. ఏ యూనివర్సిటీ అని మాత్రం అడగొద్దు. పరీక్షలకి ఇంకా మూడు రోజులుంది. భాషాశాస్త్రం పేపర్‌కి అందరికీ కావాల్సిన పుస్తకం లైబ్రరీలో ఒక్కటే కాపీ. ఇంటికివ్వరు. సాయంత్రం లైబ్రరీ మూసేముందు నేను దాన్ని తీసుకెళ్ళి వ్యవసాయం పుస్తకాల ర్యాక్‌లో, అడుగు అరలో, వెనక్కి తోసేశాను. పొద్దున్నే వచ్చి నేనే తీసుకోవచ్చని! మర్నాడు నా రూమ్మేట్ ఆ పుస్తకం కోసం గంటసేపు వెతికాడు. పక్కనే నేనూ వెతుకుతున్నట్టు నటించాను. ఆ పేపర్లో వాడికి మార్కులు బాగా తగ్గాయి.

ఈమధ్య కుప్పం వెళ్ళినప్పుడు ఇదంతా గుర్తొచ్చింది. అక్కడి ద్రావిడ విశ్వవిద్యాలయంలో పరీక్షల సమయం. పిల్లలు నోట్సులు పట్టుకుని తిరుగుతున్నారు. ఒకమ్మాయి ఫోన్లో అమ్మతో తమిళంలో మాట్లాడి, పక్కనున్న ఫ్రెండ్‌తో తెలుగులోకి మారిపోయింది. కుప్పంలో ఇది వింతేం కాదు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, మధ్యలో మనం. అందుకే దక్షిణాది భాషల్ని పక్కపక్కన పెట్టి చదవాలనే ఆలోచనతో 1997లో ఈ యూనివర్సిటీని ఇక్కడ పెట్టారు. పొరుగు రాష్ట్రాలూ చెయ్యి కలిపాయి.

అసలు ఈ భాషలన్నీ ఒకే కుటుంబం అని ముందు చెప్పిందెవరు? కాల్డ్వెల్, 1856. పరీక్షలో అదే రాస్తాం, మార్కులూ పడతాయి. కానీ అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే కలెక్టర్ ఆ మాట అచ్చులో పెట్టాడు. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచే పుట్టాయని అప్పటి కలకత్తా పండితులు నమ్మేవాళ్ళు. ఎల్లిస్ ఏం చేశాడంటే, తెలుగు ధాతువులు తీసుకుని వాటి పక్కన తమిళం, కన్నడ ధాతువులు పేర్చి చూపించాడు. వాదనంతా తెలుగు మీదే నిలబెట్టాడు చూడండి! మన పట్టాభిరామశాస్త్రిగారు తయారుచేసిన ధాతువుల జాబితా ఆయనకి ఆధారం. ఎల్లిస్ పేరు వచ్చిన చోట శాస్త్రిగారి పేరు ఎందుకు రాదో నాకైతే అర్థం కాదు.

సరే, మరి అంత పెద్ద సంగతి ఎందుకు మరుగునపడింది? అది వేరేవాళ్ళ పుస్తకంలో ఉండిపోయింది. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో ఒక భాగంగా వచ్చింది. తెలుగు నేర్చుకోవాలనుకునేవాడే ఆ పుస్తకం తెరుస్తాడు. సొంత పుస్తకం రాసేలోపు, 1819లో, ఎల్లిస్ రామనాథపురంలో చనిపోయాడు. ఆయన కాగితాలు చాలావరకు పోయాయి. కొన్నింటిని ఒక వంటవాడు పొయ్యి రాజెయ్యడానికి వాడాడని చెప్తారు.

తప్పు అరలో పుస్తకం అంటే ఇదే కదా. ఉంటుంది, దొరకదు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలకి ఇనుప గొలుసులేసి బల్లలకి కట్టేవాళ్ళు. ఇంగ్లండ్‌లోని హియర్‌ఫోర్డ్ చర్చిలో ఆ గొలుసులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత గొలుసులు పోయి తాళాలు, కౌంటర్లు వచ్చాయి. చీటీ రాసిస్తే మనిషి లోపలికెళ్ళి తెచ్చేవాడు. 1924లో ఎస్.ఆర్. రంగనాథన్ అనే లెక్కల మాస్టారు మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్‌గా వెళ్ళారు. కొద్ది రోజులకే విసుగొచ్చి, మళ్ళీ పాఠాలు చెప్పుకుంటానన్నారు. ఈలోగా లండన్ పంపారు. అక్కడి లైబ్రరీలు చూశాక మనసు మారింది. ఒక షాపులో మెకానో బొమ్మ ముక్కలు బిగిస్తుంటే చూసి, పుస్తకాలకి నంబర్లు కూడా ఇలాగే ముక్కలు కలిపి కట్టొచ్చు కదా అనుకున్నారట. అదే 1933లో కోలన్ వర్గీకరణగా వచ్చింది. తిరిగొచ్చాక ఆయన చేసిన ఇంకో పని నాకు దానికంటే పెద్దది. పాఠకుల్ని నేరుగా ర్యాకుల దగ్గరికి రానిచ్చారు. మీ చేత్తో మీరే తీసి చూసుకోవచ్చు.

అంటే ఆయన నమ్మింది నన్నే. నేనేమో ఆ చేత్తోనే వ్యవసాయం ర్యాక్‌లో దాచాను.

ఎల్లిస్ పేరు నేను మొదటిసారి చదివింది కూడా ఆ దాచిన పుస్తకంలోనే. కుప్పం నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లోంచే నా పాత రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళ తర్వాత విషయం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు.

"తెలుసు రా," అన్నాడు. "ఆరోజు అన్ని ర్యాకులూ వెతికావు, వ్యవసాయం ర్యాక్ దగ్గరికి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు."

మరి అప్పుడే ఎందుకు అడగలేదురా అంటే, సిగ్నల్ పోయింది. ఇంటికెళ్ళాక మళ్ళీ చేస్తాను. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను.