ఇంజనీరింగు చదువులూ, కొరత లెక్కలూ

మన దేశంలో ఇంజనీరింగు విద్య చరిత్ర రాసేవారు సాధారణంగా కాలేజీల స్థాపన తేదీలతో సరిపెడతారు. ఎవరు ఎక్కడ పునాదిరాయి వేశారన్నది తెలుస్తుందే గాని, ఆ కాలేజి ఎవరి అవసరం తీర్చడానికి పుట్టిందన్నది తెలియదు. నాకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యమని తోస్తుంది.

మద్రాసులోని గిండీ కాలేజి కథనే చూడండి. 1794 నాటికి ఈస్టిండియా కంపెనీకి సర్వేయర్ల కొరత వచ్చింది. చేజిక్కిన భూములను కొలిస్తేగాని శిస్తు కట్టడం సాధ్యం కాదు. ఇంగ్లండు నుంచి మనిషిని తెప్పించాలంటే జీతం ఎక్కువ. అందుకని మైకేల్ టాపింగ్ అనే కంపెనీ ఉద్యోగి అనాథాశ్రమం నుంచి 8 మంది కుర్రవాళ్ళను తెచ్చి సర్వే స్కూలు పెట్టాడు. కొలవడం నేర్పారు, పటం గీయడం నేర్పారు. అంతకు మించిన చదువుతో కంపెనీకి పని లేదు. తరువాత ఆనకట్టలూ, రోడ్లూ, రైళ్ళూ వచ్చాయి. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయింది. సర్వేయర్లు చాలక ఇంజనీర్లు కావలసివచ్చేసరికి ఆ స్కూలే పెరిగి 1859లో సివిలింజనీరింగు కాలేజి అయింది.

స్వాతంత్ర్యం దగ్గరపడే రోజుల్లో ఈ లెక్కలు కట్టే పని మనవాళ్ళ చేతికి వచ్చింది. నళినీ రంజన్ సర్కార్ కమిటీ దేశంలో నాలుగు దిక్కులా పెద్ద సాంకేతిక విద్యాసంస్థలు పెట్టాలన్నది. వాటిలో మొదటిది 1951లో ఖరగ్‌పూరులో, బ్రిటిషువారు రాజకీయ ఖైదీలను వుంచిన హిజ్లీ శిబిరంలో మొదలయింది. మన ప్రాంతంలో 1946లో విశాఖపట్నంలో పుట్టి కాకినాడకు చేరిన కాలేజి, 1959లో వరంగల్లు ప్రాంతీయ కాలేజి వచ్చాయి. ప్రణాళికలో ఇంత పెట్టుబడి, దానికి ఇంతమంది ఇంజనీర్లు అన్నది అప్పటి లెక్క. తీరా 1966 నుంచి 1969 దాకా పంచవర్ష ప్రణాళికకే సెలవిచ్చారు. పనులు మందగించాయి, పట్టాలు పుచ్చుకున్న ఇంజనీర్లు ఉద్యోగాలు లేక తిరిగారు. 1968లో ప్రభుత్వం కాలేజీల్లో ప్రవేశాలు తగ్గించింది. నేటి ధర చూచి మిరప వేసిన రైతుకు ఈ కథ కొత్త కాదు. కాని రైతు వచ్చే యేడు మరో పంట వేసుకోగలడు. అయిదేళ్ళు ఇంజనీరింగు చదివిన కుర్రవాడు ఏం వేసుకుంటాడు?

కంప్యూటరు చదువు మాత్రం కొంత మెరుగ్గా మొదలయిందనే చెప్పాలి. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 యంత్రం వచ్చింది. అక్కడివారు దాన్ని తమ విద్యార్థులకే దాచుకోకుండా, బయటి శాస్త్రజ్ఞులకూ ఇంజనీర్లకూ పది రోజుల తరగతులు పెట్టి ప్రోగ్రాములు రాయడం నేర్పారు. అక్కడి అధ్యాపకుడు వి. రాజారామన్ 1969లో విద్యార్థి కొనగలిగిన వెలకు ఒక పాఠ్యపుస్తకం తెచ్చాడు. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచిపోయింది. అప్పటికే యంత్రాలు ఎక్కువయి మనుషులు చాలని స్థితి. 1980లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ కొరతను పరిశీలించి, మామూలు డిగ్రీ చదివినవారికి మూడేళ్ళ ఎం.సి.ఎ. పెట్టాలని సూచించింది. 1982లో అది మొదలయింది.

దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అవసరం తొందరగా వుంది గనక ఆరునెలల శిక్షణ చాలునని ఆ కమిటీ అనలేదు. గణితం, వ్యాపార సంస్థల నిర్వహణ, ప్రోగ్రాములు కలిపి మూడేళ్ళ చదువుగా తీర్చింది. ఇంజనీరింగు సీటు అందని బి.ఎస్‌సి., బి.కాం. విద్యార్థులకు తలుపు తెరిచింది. కొరత యజమానిదే అయినా, దాని వల్ల చదువు విద్యార్థికి దక్కింది.

ఆరునెలల శిక్షణ ఏమవుతుందో అమీర్‌పేట చూపించింది. 1990ల చివర, 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో అమెరికాకు కోబాల్ తెలిసినవారు కావలసివచ్చారు. వీధివీధినా బోర్డులు లేచాయి. 2001లో అమెరికాలో వ్యాపారం కుంగింది. బోర్డు మీద పేరు మార్చడానికి పెయింటరుకు ఒక పూట చాలు. అప్పు చేసి కోబాల్ ఒక్కటే నేర్చినవాడు మారడానికి అది చాలదు గదా!

ఆ రోజుల్లోనే, 1998లో, హైదరాబాదులో ఐ.ఐ.ఐ.టి. వచ్చింది. మొదట దాని ఆవరణలో కంపెనీల పేర్లతోనే స్కూళ్ళు నడిచాయి. కొన్నేళ్ళకు అవి పోయి, పరిశోధన నిలిచింది. సంస్థ పాలకమండలికి అధ్యక్షత వహించిన రాజ్‌రెడ్డి శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టినవాడు. 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన ఈయన 1958లో పట్టా పుచ్చుకున్నది కంప్యూటర్లలో కాదు, గిండీలో, సివిలింజనీరింగులో! శిస్తు కొలతల కోసం పుట్టిన బడి అది. అప్పటి ఏ కొరత లెక్కలోనూ ఇటువంటి మనిషికి పద్దు లేదు.

2008 ప్రాంతాల ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు 600 దాటాయి. కూలివాళ్ళ పిల్లలు ఇంజనీర్లయ్యారు, దాన్ని తేలిక చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కాని చెప్పేవాళ్ళు లేని చోట గదులు లేచాయి. తరువాత చాలా కాలేజీలు మూతబడ్డాయి. నిలిచినవాటిలో సివిల్, మెకానికల్ సీట్లు ఖాళీపడి, కంప్యూటరు సీట్లు పెరిగాయి. నేను కొన్నాళ్ళు పాఠం చెప్పిన ఒక కాలేజిలో సర్వే పరికరాలు బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ గదిలో కంప్యూటర్లు పరిచారు.

2024-25 నుంచి అఖిలభారత సాంకేతిక విద్యామండలి, బాగా నడిచే కాలేజీలకు సీట్ల మీద వున్న గరిష్ఠ పరిమితి ఎత్తివేసింది. ఆ యేడు చేరిన విద్యార్థి బయటికి వచ్చేది 2028లో. అప్పటికి కొరత వున్నా లేకపోయినా, కాలేజికి నాలుగేళ్ళ ఫీజు ముట్టివుంటుంది.