దిద్దించుటయా? వ్రాసియిచ్చుటయా?



నా చిన్ననాట తాలూకా కచేరి ముందర చింతచెట్టు నీడను అర్జీలు వ్రాయువాడొకడు కూర్చుండెడివాడు. రైతు తన కష్టము చెప్పుకొనును. అతడు దానిని చక్కని మాటలలో కాగితముపై పెట్టి కూలి పుచ్చుకొనును. అర్జీ బాగుగనే యుండెడిది. రైతు మాత్రము వ్రాత రానివాడుగనే వచ్చి, వ్రాత రానివాడుగనే పోయెడివాడు. ఆ వీధికి ఆవలి కొనను మా పంతులుగారి బడి. ఆయన మా వ్రేలు పట్టి ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. మా అక్షరములు వంకరలే. కాని అవి మావి. ఈ రెండు పనులకు గల భేదమును గుర్తింపకపోవుటచేత అమెరికా విశ్వవిద్యాలయములలో చిరకాలముగా ఒక అపార్థము నడచుచున్నది. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

హార్వర్డు కళాశాలవారు 1874 లో ప్రవేశమునకు ఆంగ్లవ్యాసపరీక్ష నేర్పరచిరి. ఆంగ్లము మాతృభాషగా గల బాలురలోను అనేకులు అందు తప్పిరి. నాటినుండి వ్యాసరచన బోధనీయవిషయమయ్యెను. కాని ఒక్కొక్క అధ్యాపకునిపై వ్యాసముల మోపులు పడెను. ఎర్రసిరాతో తప్పులు గుర్తించి కాగితము తిరిగి యిచ్చుటయే బోధనయయ్యెను. ఇది చాలదని తోచి కొందరు, విద్యార్థి వ్రాయుచుండగనే ప్రక్కన కూర్చుండి నేర్పు పద్ధతిని అవలంబించిరి. ఐయోవా విశ్వవిద్యాలయమున 1934 లో క్యారీ స్టాన్లీ యను అధ్యాపకురాలు స్థాపించిన రచనా ప్రయోగశాల ఇట్టిదే. డార్ట్‌మత్ కళాశాలలో 1939 లో వెలసినదానికి రచనా చికిత్సాలయమని పేరు పెట్టిరి. పేరు వినినంతనే రోగము స్ఫురించును గదా! అచ్చటికి పోవువాడు వ్యాధిగ్రస్తుడనియే తోటివారు తలంతురు. అది సుమారు 20 ఏండ్లు నడచి మూతపడెను.

1970 లో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమువారు ఆ నగరమున ఉన్నతపాఠశాల ముగించిన ప్రతివానికిని ప్రవేశమిచ్చిరి. పేదలు, వలస వచ్చినవారి బిడ్డలు వేలకొలది వచ్చిరి. వారి వ్రాతలను ఓపికతో పరిశీలించిన మీనా షానెసీ 1977 లో ఒక గ్రంథము ప్రకటించెను. వారు మందబుద్ధులు కారనియు, వారి తప్పులకు సైతము ఒక క్రమము కలదనియు ఆమె నిరూపించెను. బ్రూక్లిన్ కళాశాలలో కెన్నెత్ బ్రఫీ విద్యార్థులకే తరిఫీదునిచ్చి తోటి విద్యార్థులకు తోడ్పడునట్లు చేసెను. ఆ దశాబ్దముననే రచనాకేంద్రములు దేశమంతట వ్యాపించెను.

కేంద్రములు పెరిగినవి, అపార్థమును వానితోపాటు పెరిగినది. కొందరు ఆచార్యులు విరిగిన నాగలిని కొలిమికి పంపినట్లు వ్యాసమును అచ్చటికి పంపి, తప్పులు పోయి రాలేదేమని కోపించిరి. కొందరు శిక్షగా పంపిరి. ఆ పిల్లవాడు తల వంచుకొని వచ్చెను. మరికొందరు, అచ్చటివారే వ్రాసి యిత్తురేమోయని శంకించిరి. ఒకరికి అది చేయవలసినంత చేయదు. వేరొకరికి అది చేయరానిదంతయు చేయును! ఈ రెండు నిందల మూలము ఒక్కటే: కాగితము బాగుపడుటయే పనియని తలంచుట.

ఆల్బనీలో అధ్యాపకుడైన స్టీఫెన్ నార్త్ 1984 లో తన సహోద్యోగుల అవగాహనాలోపమునకు విసిగి ఒక వ్యాసము ప్రకటించెను. మారవలసినది వ్యాసము కాదు, వ్రాయువాడని దాని సారాంశము. అది ఆ కేంద్రములవారికి పతాకమైనది. అయితే పదేండ్లకు, 1994 లో, ఆయనయే తన మాటను తిరిగి విమర్శించుకొనెను. విద్యార్థులందరు విద్యాతృష్ణతోనే వత్తురని తాను ఊహించితిననియు, గడువునకును మార్కులకును భయపడి వచ్చువారును గలరనియు ఒప్పుకొనెను. ఈ ఒప్పుకోలే నాకు మిక్కిలి నచ్చినది. ఎదుటివారి అపార్థమును తీర్పదలచినవాడు ముందు తన యతిశయోక్తిని దిద్దుకొనవలెను.

ఆ పిదప విజ్ఞులైన నిర్వాహకులు వాదము తగ్గించి పరిచయము పెంచిరి. తరగతికి పోయి కొద్ది నిమిషములు తమ పని వివరింతురు. విద్యార్థి సమ్మతించినచో, నేడు ఏ విషయము చర్చించితిమో ఆచార్యునకు చిన్న చీటి వ్రాసి పంపుదురు. తప్పులను మేమే దిద్దము, దిద్దుకొనుట నేర్పెదము, మార్కులు వేయుట మా పని కాదు అని ముందే చెప్పుదురు. ఆచార్యులనే పిలిచి, వ్యాసమునకు ప్రశ్న నిచ్చుటలోని లోపములనుగూర్చి వారితో మాటాడుదురు. ఒకమారు ప్రక్కన కూర్చుండి చూచిన ఆచార్యుడు మరల నింద మోపుట అరుదు.

ఇది దూరదేశపు కథయని త్రోసివేయకుడు. మనుమడు విద్యార్థివేతనమునకు దరఖాస్తు వ్రాయలేక మీయొద్దకు వచ్చును. కలము లాగుకొని వ్రాసియిచ్చుట మీకు సులభము. పని త్వరగా తీరును. నేడు అడిగినంతనే వ్రాసియిచ్చు యంత్రములును వచ్చినవి. కాని మరునాడు వానికి మరల చింతచెట్టే గతి. కొంచెము సేపు ప్రక్కన కూర్చుండి, “నీవు చెప్పదలచినదేమి నాయనా?” యని యడుగుడు. వాడు చెప్పిన మాటనే వానిచేత వ్రాయింపుడు. వంకరయైనను ఆ వ్రాత వానిది.